నూటికి తొంభై నాలుగు

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ యిటూ. యీ అంకె మా దగ్గర బడిపిల్లలకు కూడా తెలుసు. అయితే అంకె చూసుకుని ఏ రైతూ విత్తనం వేయడు. వాన జూన్‌లో పడి, వేరుశెనగ వూడలు దిగే వేళకు మొహం చాటేస్తే చెట్టు పచ్చగానే కనబడుతుంది, పీకితే కాయ వుండదు. ఆ యేడు కూడా లెక్కల్లో సగటు దాదాపు సరిపోవచ్చు. సగటు అబద్ధమాడదు. ఎవరి చేను ఎండిందో మాత్రం చెప్పదు.

కంప్యూటర్ ఆటల గురించి రాస్తూ వానలెక్క ఎందుకంటారేమో. ఆ ఆటలకీ యిప్పుడు సగటే తీర్పరి. పెద్ద ఆట ఏది విడుదలైనా పత్రికల సమీక్షకులు మార్కులు వేస్తారు. మెటాక్రిటిక్ అనే సంస్థ వాటిని పోగుచేసి నూటికి యింత అని ఒక అంకె కడుతుంది. ఏ పత్రిక మాటకు ఎంత బరువిస్తుందో బయటపెట్టదు. ఆ అంకె మీద పనివాళ్ల రాబడి కూడా ఆధారపడిన సందర్భాలున్నాయి. 2010లో వచ్చిన 'ఫాలౌట్: న్యూ వేగాస్' ఆటను తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు 85 వస్తే బోనస్ అన్నారు. 84 వచ్చింది. బోనస్ రాలేదు.

యింత విలువున్న అంకెలో కొలిచేదేమిటి? బొమ్మ ఎంత నిజంలా వుంది, చప్పుడు ఎంత నమ్మేలా వుంది, తుపాకి చేతికి ఎంత బాగా లొంగుతుంది, కథ ఎన్ని గంటలు సాగుతుంది. యివన్నీ కొలవాల్సినవే, మేం కాదనం. కానీ ఆ తుపాకి ఎవరి మీద ఎక్కుపెట్టి వుందన్న ప్రశ్నకు మార్కుల పట్టికలో గడి లేదు. మా పేచీ అక్కడే.

2007లో 'కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడర్న్ వార్‌ఫేర్' వచ్చింది. ఎక్స్‌బాక్స్ 360 మీద దానికి పడిన అంకె 94. అందులో అమెరికా సైనికులు దిగే దేశానికి పేరు లేదు. మధ్యప్రాచ్యంలో ఎక్కడో అంతే. రష్యాకు పేరుంది, బ్రిటిష్ దళానికి పేరుంది. మసీదులూ బజార్లూ వుండే నేలకు పేరు అక్కర్లేకపోయింది. ఆ దేశపు నగరంలో అణుబాంబు పేలుతుంది. చనిపోతున్న ఒక అమెరికన్ సైనికుడి కళ్లతో ఆ శిథిలాల్ని చూస్తాం. ఘట్టం బలమైందే, మనసును పట్టేస్తుంది కూడా. కానీ ఆ నగరంలో కాపురాలు చేసుకునే జనం ఏమయ్యారన్నది కథకు పట్టదు.

అదే ఆటలో యింకో ఘట్టం. విమానంలో కూర్చుని కింద వున్నవాళ్ల మీద గుళ్లు కురిపించాలి. జరిగేది రష్యాలో. అక్కడ ఒక చర్చి వుంది. దాని మీద కాలిస్తే ఆట ఓడినట్టే. మేం దీన్ని తప్పుపట్టడం లేదు. ప్రార్థనాస్థలాన్ని కాపాడటం మంచి నియమం. గౌరవాన్ని కూడా ఆట నియమంగా రాయొచ్చని తయారీదారులకు బాగా తెలుసనడానికి యిది సాక్ష్యం. అది తెలిసినవాళ్లకు ఒక దేశానికి పేరు పెట్టడం చేతకాలేదంటే ఎలా నమ్మడం?

2009లో రెండో భాగం వచ్చింది. దానికీ 94. నలుగురితో కలిసి ఆడే మైదానాల్లో ఒకటి కరాచీ. వీధి గోడల మీదా దుకాణాల బోర్డుల మీదా అరబీ రాతలు. కరాచీ బజారులో కనబడేది ఉర్దూ. ప, ట, డ, చ, గ - యీ ధ్వనులకు ఉర్దూలో అక్షరాలున్నాయి, అరబీ అక్షరమాలలో లేవు. అనంతపురంలో ఉర్దూ మీడియం బడికి రెండేళ్లు పోయిన పిల్లవాడైనా ఆ తేడా పట్టేస్తాడు. పాకిస్తాన్ ఆటగాళ్లు ఎత్తిచూపారు. అంకె మాత్రం తొంభై నాలుగే. గోడ మీది పగుళ్లు ఎంత సహజంగా వున్నాయో చూసినవాళ్లకు గోడ మీది భాష ఎవరిదో చూడాల్సిన పని పడలేదు.

ఆ ఆటలోనే 'ఫవేలా' అనే మైదానంలో ఒక స్నానాలగదిలో పటం వేలాడుతుంటుంది. దాని చట్రం మీద అల్లా పేరుతో పవిత్రవాక్యం. 2012లో ముస్లిం ఆటగాళ్లు అభ్యంతరం చెబితే కంపెనీ ఆ మైదానాన్ని పక్కకు తీసి సరిచేసింది. అంటే చెబితే వినేవాళ్లున్నారు. మూడేళ్లు చెప్పేవాళ్లు లేరు. చెప్పడం సమీక్షకుడి పని. ఆ పనిని ఆడుకునే పిల్లలు చేశారు.

ఆటను ఆటలాగా చూడండి, రాజకీయాలెందుకు అంటారు కొందరు మిత్రులు. యీ మాట మాకు కొత్త కాదు. ముస్లింవాద కవిత్వం వచ్చిన రోజుల్లో మమ్మల్ని 'వస్తువు సరే, శిల్పమేదీ?' అని నిలదీశారు. ఆటల సమీక్షలో శిల్పం ఒక్కటే మిగిలింది. వస్తువుకు సున్నా వేశారా అంటే అదీ కాదు. అసలు ఆ పేపరే దిద్దలేదు.

సెక్యులర్ మిత్రులకు అర్థమయ్యే దగ్గరి సంగతి చెబుతాం. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడాక తెలుగు సినిమా చాలా ఏళ్లపాటు రాయలసీమను వేటకొడవళ్ల నేలగా, నాటుబాంబుల నేలగా చూపించింది. పాటలు బాగున్నాయి, ఫైట్లు బాగున్నాయి, కలెక్షన్లు బాగున్నాయి. పరాయి వూళ్లో అద్దెకు గది అడగబోయిన సీమ కుర్రాడు 'మీ దగ్గర బాంబులేసుకుంటారట గదా' అన్న మాట విన్నాడు. ఎండిన బోర్లూ, వలసలూ, అప్పులూ ఆ సినిమాల్లో లేవు. ఆ నొప్పి సీమవాసులందరికీ తెలుసు. అనంతపురం ముస్లిం కుర్రాడికి అది రెండింతలు. సీమవాడిగా ఒకసారి, సాయిబుగా ఒకసారి.

సినిమాకూ ఆటకూ ఒక తేడా కూడా వుంది. సినిమాలో మా పోలికలున్న విలన్ని హీరో చంపుతాడు, మేం కుర్చీలో కూర్చుని చూస్తాం. ఆటలో చంపేది మా పిల్లవాడి వేలే. గడ్డమో తలరుమాలో కనబడగానే వేలు కదలాలి. ఒక్క క్షణం ఆగి 'వీడు మా మామలా వున్నాడే' అనుకుంటే తనే చస్తాడు. ఆలోచించకపోవడమే అక్కడ నైపుణ్యం. దానికే పాయింట్లు. ఆట ఆడినవాళ్లంతా హంతకులవుతారని మేం అనడం లేదు. ఆ మాట అనేవాళ్లు మా పిల్లల్ని మళ్లీ అనుమానితుల జాబితాలోనే వేస్తారు. మేం అడిగేది వేరే. తన ముఖాన్ని తానే గురిచూసి కాల్చి మార్కులు తెచ్చుకునే పిల్లవాడి మనసులో ఏం జరుగుతుందో ఏ సమీక్షకుడైనా ఒక్క వాక్యం రాశాడా?

మంచి ఆటలు రాలేదా అంటే వచ్చాయి. 2023లో వచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ మిరాజ్' తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదులో జరుగుతుంది. విజ్ఞాన గృహం వుంది, బజారుంది, అరబీలో మాట్లాడే మనుషులున్నారు. అక్కడ ముస్లిం పండితుడు, వర్తకుడు, దొంగ, తల్లి. అంకె డెబ్బైల్లోనే ఆగింది. ఆటలో లోపాలున్నాయి, అవి రాయాల్సిందే. కానీ అందులోనూ మాకొక వెలితి. మేం ఖలీఫాల కాలంలో వుంటే మనుషులం, యీ కాలంలో వుంటే లక్ష్యాలం. వైభవానికీ శిథిలానికీ నడుమ బతికే ముస్లిం ఎక్కడ? లారీ తోలేవాడు, పరుపులు కుట్టే దూదేకులాయన, బీడీలు చుట్టే అమ్మీ ఏ ఆటలోనూ లేరు.

మన దేశంలోనూ ఆటలు తయారవుతున్నాయి. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' తెచ్చింది. దేవతల మీద పగ తీర్చుకోబోయే అసురుడు అందులో నాయకుడు. ఎప్పుడూ చచ్చేవాడి వైపు నుంచి కథ మొదలుపెట్టవచ్చని చూపించిన ఆట అది. 2014లో పైరోడాక్టిల్ తెచ్చిన 'అన్‌రెస్ట్' కరువు కొట్టిన ప్రాచీన రాజ్యంలో నడుస్తుంది. రైతు బిడ్డగా, రాకుమారిగా, పూజారిగా బతికి చూడాలి. కత్తికన్నా మాటకే పనెక్కువ. కరువంటే ఏమిటో తెలిసిన మా ప్రాంతం వాళ్లు ఆ ఆటకు వేసే మార్కులు వేరుగా వుంటాయి. వాళ్లనడిగేదెవరు?

నార్పల దగ్గర గూగూడులో మొహర్రం వస్తే కుళ్లాయిస్వామి పీరు ముందు హిందువులూ ముస్లింలూ కలిసి నిలబడతారు. కుళ్లాయప్ప అన్న పేరు విని అతని మతమేదో చెప్పలేం. పేరుతో శత్రువును గుర్తుపట్టే ఆటలకు యీ నేల అంతుబట్టదు. అలాంటి నేల నుంచే ఆటల్ని చదివే విమర్శ రావాలి.

మేం నిషేధాలు కోరడం లేదు. నిషేధం వస్తే మొదట పడేది మా నోటి మీదే. మేం కోరేది ఒక గడి. యీ ఆటలో ఎవరికి పేరుంది, ఎవరికి లేదు, ఎవరి భాషను ఎవరి గోడ మీద రాశారు, చచ్చేవాడికి యిల్లుందా - యివి కూడా సమీక్షలో భాగం కావాలి. ఎవరో ఆ గడి గీసి యిస్తారని మేం కూర్చోం. ఫోన్లు మా పిల్లల చేతుల్లోనే వున్నాయి. ఆడుతున్నది వాళ్లే. రాయాల్సిందీ వాళ్లే, తెలుగులోనూ ఉర్దూలోనూ. ఆ తొంభై నాలుగు పక్కన మా అంకె కూడా పడాలి.