దరువు మనది, మాట ఎవరిది?

ర్యాప్ అంటే అమెరికా కుర్రాళ్ల గోల అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. నాకలా అనిపించదు. మా నాన్న డప్పు కొట్టేవాడు. పెద్దిళ్ల చావుకీ, జాతరకీ వాయించాలి. ఊరు ఆపమంటే ఆపాలి. దరువు మాది, మాట వాళ్లది. ఆ మాట మన నోటికొచ్చాకే పాట మనదయ్యింది.

న్యూయార్క్ బ్రాంక్స్‌లోనూ ఇదే కథ. 1970లలో అక్కడ నల్లవాళ్లూ, ప్యూర్టోరికన్లూ ఉండే ఇళ్లు వీధులకి వీధులు కాలిపోయాయి. ఇన్సూరెన్సు డబ్బుకోసం కొన్నింటిని యజమానులే తగలబెట్టించారు. ఆ బ్రాంక్స్‌లోనే 1973 ఆగస్టు 11న జమైకా కుర్రాడు కూల్ హెర్క్ వాయించిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజంటారు. 1982లో 'ది మెసేజ్'తో ఆ దరువు మీదకి వాడబతుకు ఎక్కింది.

అల్లర్లే ర్యాప్‌ని పుట్టించాయంటారు. అది సగం నిజం. ఎన్.డబ్ల్యు.ఎ. పోలీసుల మీద పాడింది 1988లో. రోడ్నీ కింగ్‌ని కొట్టిన పోలీసుల్ని కోర్టు వదిలేస్తే లాస్ ఏంజిల్స్ మండింది 1992లో. పాట ముందే చెప్పింది. వినాల్సినవాళ్లు వినలేదు.

మనకీ అంతే. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నాయి'కి 1975లో సాహిత్య అకాడెమీ బహుమతి ఇచ్చారు. బహుమతి ఇచ్చారు గానీ మంట ఆర్పలేదు. 1985లో కారంచేడు. 1991లో చుండూరు. కారంచేడు మీద గద్దర్ కట్టిన పాటలో ఊరి పేరూ, దళితుల పేరూ సూటిగా వినబడ్డాయి. 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చింది. 'పేదవాడు' అనే ముసుగు తీసేసి కులాన్ని కులమనే పిలవడమే ఆ కవిత్వం బలం.

2022 మే 24న అమలాపురం మండింది. లాస్ ఏంజిల్స్‌లో మండింది అణగారినవాళ్ల కోపం. ఇక్కడ మండింది జిల్లాకి అంబేద్కర్ పేరేంటన్న కోపం. మంత్రి పినిపె విశ్వరూప్ ఇల్లూ, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లూ తగలబెట్టారు. అయినా పేరు నిలిచింది.

మరి పాట? ఏప్రిల్ 14న మా పేటల్లో డీజే బాక్సులు దద్దరిల్లుతాయి. నేను విన్న పాటల్లో బాబాసాహెబ్ కోటుంది, పెన్నుంది, చూపుడు వేలుంది. మే 24 లేదు. పొగడొద్దని కాదు. జేజేలు కొట్టే పాట ఆయన్ని దేవుణ్ణి చేసి ఊరుకుంటుంది. తేదీ చెప్పి, ఊరి పేరు పెట్టి అడిగే పాట సాక్ష్యం చెబుతుంది.

2021లో తమిళ దళిత ర్యాపర్ అరివు 'ఎంజాయ్ ఎంజామి'లోకి తేయాకు తోటల్లో చాకిరీ చేసిన తన అమ్మమ్మ బతుకుని తెచ్చాడు. లోకమంతా దానికి చిందేసింది. మన కొబ్బరి ఒలుపు కూలీ బతుకులో మాత్రం దరువు లేదా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బాక్సులు మనవే, మైకూ మనదే. ఇంక మాట వాళ్ల దగ్గర అప్పు తెచ్చుకోవద్దు.