టేకు వెనీరు, రీకాన్ వెనీరు: ఎంపిక ఒకటి, కొనే తీరు రెండు

విశాఖలో అల్మారా తలుపులో, టీవీ గోడ పలకో సొంతంగా చేసుకోవాలనుకునేవారికి ప్లైవుడ్ దుకాణంలో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: సహజ టేకు వెనీరా, రీకానా? రెండూ పలుచని చెక్క పైపొర ఉన్న 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు షీట్లే. రెండింటి పైపొరా సుమారు అర మిల్లీమీటరే. తేడా ఆ పొర పుట్టుకలో ఉంది.

టేకు పొర ఒక చెట్టుది. దుంగను మెత్తబరచి పలుచగా కోసినప్పుడు వరసగా వచ్చే పొరలు అన్నదమ్ముల్లా పోలి ఉంటాయి. మరో దుంగ పొరలు వాటితో కలవవు. అందుకే ఒకే దుంగ షీట్లకు వరస సంఖ్యలు వేసి గ్రూపుగా అమ్ముతారు. రీకాన్ (రీకాన్‌స్టిట్యూటెడ్, అంటే మళ్ళీ కూర్చిన వెనీరు) కూడా చెక్కే. పోప్లార్ వంటి త్వరగా పెరిగే చెట్ల పొరలకు రంగు పట్టించి, దిమ్మెగా అతికించి, మళ్ళీ కోస్తారు. చారలు ఎలా రావాలో ముందే నిర్ణయిస్తారు కాబట్టి షీట్లన్నీ ఒకేలా వస్తాయి.

ఆరు తలుపుల వార్డ్‌రోబ్‌కు ఈ ఏకరూపతే రీకాన్ బలం. వెడల్పాటి గోడకు అదే బలహీనత: ఒకే చార మళ్ళీ మళ్ళీ కనిపించి కన్ను అలసిపోతుంది. టేకులో ఏ రెండు అడుగులూ ఒక్కలా ఉండవు. వెలుతురు తగిలేకొద్దీ దాని రంగు బంగారు గోధుమ వైపు కుదురుకుంటుంది. రీకాన్‌కు అద్దిన రంగు నేరుగా ఎండ పడేచోట వెలిసే ప్రమాదం ఉంది. తూర్పు కిటికీ ఉన్న గదికి ఈ సంగతి ముఖ్యం.

సముద్రపు తేమ దగ్గర మాత్రం రెండూ సమానమే. అక్కడ కాపాడేది పైపొర కాదు, అడుగున వాడే ప్లైవుడ్. ఐఎస్ 710 మెరైన్ రకం తీసుకుని వెనకవైపూ, అంచులకూ పూత వేయాలి.

ఇక్కడివారు రంగూన్‌కు వలస వెళ్ళిన కాలం నుంచీ ఉత్తరాంధ్రలో బర్మా టేకు మాటకు గౌరవం ఎక్కువ. అయితే మయన్మార్ (నాటి బర్మా) 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. ఇప్పుడు మన దేశానికి ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల టేకు కూడా వస్తోంది. కాబట్టి పేరు విని ధర ఒప్పుకోకుండా, చెక్క ఏ దేశానిదో అడగాలి.

రెండింటినీ ఒకే తీరున, అరచేతంత నమూనా చూసి కొనడమే అసలు పొరపాటు. రీకాన్‌కు ఆ నమూనా చాలు. కోడ్, లాటు ఒకటేనని చూసుకుని అన్ని షీట్లూ ఒకేసారి కొనాలి. టేకుకు అది చాలదు. గ్రూపు మొత్తాన్నీ పగటి వెలుగులో పరిచి చూసి, వరస సంఖ్యలు సరిచూసి, ఒక షీటు అదనంగా తీసుకోవాలి. అంత ఓపిక ఉంటే నా ఓటు టేకుకే. లేనివారికి రీకానే తగిన ఎంపిక.