ఆలంబనము లేని భయము – 'లాంగ్ వీకెండ్' చిత్రపరిశీలనము

భయానకరసమునకు ఆలంబనమేది యను ప్రశ్న సామాన్యముగా చిక్కు కలిగింపదు. పులియో, పిశాచమో, శత్రువో ఎదుట నుండును. నిర్జనారణ్యము, చీకటి, వికృతధ్వని మున్నగునవి భయమును ఉద్దీపింపజేయును. ఈ విభాగము నిలువని చలనచిత్రమొకటి గలదు. అది 1978లో ఆస్ట్రేలియాలో నిర్మింపబడిన 'లాంగ్ వీకెండ్'. దర్శకుడు కాలిన్ ఎగిల్‌స్టన్. రచయిత ఎవెరెట్ డి రోష్.

కథ స్వల్పము. పీటరు, మార్షా అను దంపతులు సెలవులు గడపుటకై జనసంచారము లేని సముద్రతీరమునకు పోవుదురు. వారి దాంపత్యము అప్పటికే చెడినది. మార్షా చేయించుకొన్న గర్భస్రావము ఇరువురి నడుమ మానని గాయమై యున్నది. త్రోవలో వారి కారు క్రింద కంగారూ ఒకటి పడును. పీటరు ఊరకయే చెట్టును నరకును. సొరచేపయని భ్రమించి డుగాంగు అను సాధుజలచరమును తుపాకితో కాల్చును. మార్షా గ్రద్దగ్రుడ్డును పగులగొట్టును. తుదకు ఇరువురును మరణింతురు.

దీనిని 'ప్రకృతి ప్రతీకార'మని తేల్చుట సులభము. మాకది సమ్మతము కాదు. ప్రతీకారమునకు కర్త యుండవలెను. అపరాధమునకు తగిన కొలత యుండవలెను. మార్షాను చంపినది మృగము కాదు. భయభ్రాంతుడైన పీటరు చీకటిలోనికి వదలిన ఈటె. పీటరును చంపినది లారీ. పక్షి పైబడగా దారి తప్పిన ఆ లారీ చోదకుడు ఏ యపరాధమును చేసినట్లు చిత్రమున లేదు.

డుగాంగు కళేబరమును గమనింపుడు. చూచినప్పుడెల్ల అది గుడారమునకు మరికొంత చేరువగా నుండును. దర్శకుడు దాని చలనమును చూపడు, స్థానభేదమును మాత్రమే చూపును. ఆ రెంటి నడుమనున్న ఖాళీయే భయమునకు తావు. ఉద్దీపనములన్నియు సమకూరినవి, ఆలంబనస్థానము శూన్యముగా నున్నది. ఆ శూన్యమును దంపతులు తమ పరస్పరద్వేషముతోను, చెప్పుకొనని దోషభావముతోను నింపుకొందురు.

గ్రద్ద సూటిగా పీటరుపై బడు ఘట్టమున మాత్రము ఆలంబనము ప్రత్యక్షమగును. అచటనే చిత్రము బలహీనమైనదని మా యభిప్రాయము. శత్రువు కంటబడగనే వింత తగ్గి, సామాన్యమైన వేటకథ మిగులును.

కృతికి విభావములపట్టిక కట్టి, ప్రతిగడిని నింపుట మనకు అలవాటైనది. ఒక్కొక్కప్పుడు గడి ఖాళీగా నుండుటయే కృతి సాధించిన యర్థము. దానిని బలవంతముగా నింపినచో రసమును వివరించినవారము కాము, పోగొట్టినవారమగుదుము.