సారు గెలిచిండు, లెక్క ఎవరు చూసిండ్రు?

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎస్టీలకు కేటాయించిన లోక్‌సభ సీటు ఒక్కటీ లేదు. దేవరకొండ తండాలు నల్లగొండ జనరల్ సీటులో, అమ్రాబాద్ చెంచుపెంటలు నాగర్‌కర్నూల్ ఎస్సీ సీటులో కలిసిపోయాయి. తెలంగాణలో గిరిజనులకు ఉన్నవి ఆదిలాబాద్, మహబూబాబాద్ రెండే. అక్కడ గెలిచినవాళ్లకు మనం ఓటు వేయకపోయినా, వాళ్లను మన ఎంపీలుగానే చూస్తాం.

2014లో మహబూబాబాద్ నుంచి టీఆర్ఎస్ తరఫున గెలిచిన ఆజ్మీరా సీతారాం నాయక్‌ను అట్లనే చూసినం. ఆయన కాకతీయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. లంబాడీ బిడ్డ, పాఠాలు చెప్పిన సారు పార్లమెంటుకు పోతున్నడంటే తండా బడిలో పనిచేసే మనకు గర్వమే. చట్టం చదవగలడు, ప్రశ్న వేయగలడు అనుకున్నం.

ఢిల్లీలో ఆయన పార్టీ ప్రభుత్వంలో లేదు. కానీ పూర్తిగా ప్రతిపక్షంలోనూ లేదు. 2017లో రాష్ట్రపతి ఎన్నికలో బీజేపీ నిలబెట్టిన రామ్‌నాథ్ కోవింద్‌ను బలపరిచింది. 2018 జూలైలో అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు ఓటింగ్‌కు దూరంగా ఉంది. అటూ ఇటూ కాని పార్టీలో కూర్చున్న ఎంపీ గొంతుకు ఎంత బలం ఉంటుంది?

రెండు విషయాలు చూద్దాం. రాష్ట్ర విభజన చట్టం 13వ షెడ్యూల్ తెలంగాణకు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామంది. ఆంధ్రకు 2019లో చట్టం అయింది. మనకు సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయం చట్టం 2023 డిసెంబరులో గానీ కాలేదు. అది వచ్చేది సారు గెలిచిన నియోజకవర్గంలోని ములుగుకే. అయినా ఆయన పదవీకాలం అయిదేండ్లూ ఎదురుచూపుతోనే గడిచింది.

రెండోది రిజర్వేషన్. ఎస్టీ కోటాను 6 నుంచి 10 శాతానికి పెంచే బిల్లును 2017 ఏప్రిల్‌లో శాసనసభ ఆమోదించి కేంద్రానికి పంపింది. అది అక్కడే ఆగింది. చివరికి 2022 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వమే జీవో 33తో 10 శాతం ఇచ్చింది. జీవోతో అయ్యే పని అయితే మన పిల్లలు అయిదేండ్లు ఎందుకు ఆగాలి? కేంద్రాన్ని అడిగినంత గట్టిగా ఈ ప్రశ్నను సొంత పార్టీని అడగాల్సింది మన ఎంపీలే.

తప్పంతా ఒక్క మనిషిది అనడం న్యాయం కాదు. పార్టీ విప్‌కు ఎదురు ఓటు వేస్తే పదో షెడ్యూల్ కింద సభ్యత్వం పోవచ్చు. అయితే విప్ కట్టేసేది ఓటును. ప్రశ్న వేయడాన్ని, ప్రైవేటు బిల్లు పెట్టడాన్ని ఆ షెడ్యూల్ ఆపదు. సారు ఏ ప్రశ్నలు వేసిండో, మంత్రులు ఏం జవాబు చెప్పిండ్రో లోక్‌సభ రికార్డుల్లో ఉంది. దాన్ని మనలో ఎంతమంది తెరిచి చూసినం? పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే మనం, మన ఎంపీ పేపరు దిద్దలేదు. ఈ విమర్శలో సగం నా మీదికే వస్తది.

2019లో పార్టీ ఆయనకు టికెట్ ఇవ్వలేదు, మాలోతు కవితకు ఇచ్చింది. 2024 మార్చిలో ఆయన బీజేపీలో చేరి, అదే మహబూబాబాద్‌లో పోటీ చేసి ఓడిపోయిండు. పార్టీ మారడం ఆయన ఇష్టం. మన పాఠం వేరే ఉంది. సీటు రిజర్వు చేసింది రాజ్యాంగం. కానీ ఆ సీటులో ఎవరు నిలబడాలో, ఎన్నాళ్లు ఉండాలో తేల్చేది పార్టీ ఆఫీసు. అట్లాంటప్పుడు ఎంపీ చూపు తండా వైపు ఎందుకు తిరుగుతది? జనం లెక్క అడుగుతరన్న భయం ఉంటేనే తిరుగుతది.

రేపు మనలో ఇంకో టీచరు, ఇంకో ప్రొఫెసర్ పార్లమెంటుకు పోతడు. పోవాలె. ఆ రోజు డప్పులు కొట్టి, దండ వేసి ఇంటికొచ్చి పడుకుంటే మళ్లీ ఇదే కథ. ప్రతి సమావేశాల తర్వాత ఆయన ప్రశ్నలను, జవాబులను చదువుకున్న పిల్లలు తండా నడుమ కూర్చుని అందరికీ చదివి వినిపించాలె. సారు మనకు హాజరు తీసుకున్నట్టే, ఎంపీ అయిన సారుకు మనం హాజరు తీసుకోవాలె.