ఇత్తడి బిందెలాంటి ఫోను

ఫోనుకి కూడా విమర్శ రాస్తారా అని మావారు నవ్వారు. కథలకీ సినిమాలకీ రాయగా లేనిది, రోజంతా చేతిలో ఉండే వస్తువుకి రాస్తే తప్పేమిటి?

నాది రెడ్‌మి నోట్ 4. 2017 జనవరిలో మన దేశంలో విడుదలైన రకం. మా అబ్బాయి కొత్తది కొనుక్కుని, దీన్ని నాకు దాటించాడు. ఒళ్లంతా లోహమే. వంటింటి గట్టు మీంచి ఎన్నిసార్లు పడిందో! ఓ మూల సొట్ట పడింది, అంతే. ఇత్తడి బిందెకి పడదూ? 4100 ఎంఏహెచ్ బ్యాటరీ, పైగా ఛార్జింగు పొదుపుగా వాడుకునే స్నాప్‌డ్రాగన్ 625 చిప్పు. పాలవాడు వచ్చేవేళ చేతిలోకి తీసుకుంటే, ఇప్పటికీ రాత్రి భోజనాలదాకా లాగుతుంది. ఎదురింటి పిన్నిగారిదీ ఇదే రకం. బ్యాటరీ ఒక్కటే మార్పించారట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఒళ్లు గట్టిదే గానీ, దాని చదువు ఆండ్రాయిడ్ 7 దగ్గరే ఆగిపోయింది. ఏ ఫోనైనా సరే, పదేళ్లు మన్నే ఒళ్లిచ్చి బుర్రని మధ్యలో ఆపేస్తే అదేం పనితనం? మొన్న మా బ్యాంకు యాప్ "మీ ఫోను పాతది" అంటూ తలుపేసేసింది. లోపలున్నది నా కుట్టుపని డబ్బు! ఇప్పుడు వంద రూపాయలు పంపాలన్నా మావారి ఫోన్లోంచి పంపించమనాలి. "ఎవరికి? ఎందుకు?" అంటారు. ఆ ప్రశ్నలు తప్పించుకోడానికే కదండీ నేను వేరే ఖాతా తెరిచింది!

పిన్నిగారు మాత్రం ఫోను మార్చేది లేదన్నారు. బ్యాంకుకే నడిచి వెళ్తున్నారు. రేపు పదకొండింటికి నేనూ ఆవిడతో బయలుదేరుతున్నాను. పాసుబుక్కు బీరువాలో బట్టల అడుగున దొరికింది.