గుమ్మం దాటిన తర్వాత

పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో ఒకటే శీర్షిక: బాలికలదే పైచేయి. 2023లో మన రాష్ట్రంలో బాలికలు 75.38 శాతం, బాలురు 69.27 శాతం పాసయ్యారు. 2024లో బాలికలు 89.17, బాలురు 84.32. స్టాఫ్‌రూములో మేం చెప్పుకునే కారణమూ ఒకటే. ‘ఆడపిల్లలు బుద్ధిగా చదువుతారు, మగపిల్లలు గాలికి తిరుగుతారు’. ఈ మాటతోనే నాకు పేచీ. పుట్టుకతోనే అంతా అయిపోయినట్టు, బడికి దాంతో సంబంధమే లేనట్టు ఉంటుందా మాట.

నేను ఏజెన్సీ నుంచి దిగివచ్చి పిఠాపురంలో పాఠాలు చెప్పుకుంటున్న ఆదివాసీ టీచర్ని. చదువుల చరిత్రలో ఈ ఊరికి పేరుంది. కాకినాడలో పిఠాపురం రాజావారి కాలేజీకి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాలుగా ఉన్నప్పుడు ఆడపిల్లల్ని కూడా చేర్చుకున్నారు. ఆ రోజుల్లో అది చిన్న పని కాదు. కానీ మనం ఎప్పుడూ తలుపు తెరిచినవారి కథే చెప్పుకుంటాం. లోపలికి వెళ్లిన పిల్లను ఎవరు ఏం అడిగారు, ఎక్కడ కూర్చోబెట్టారు అన్నది ఆ కథలో ఉండదు.

ఒకసారి వారం రోజులు నా మీద నేనే లెక్క పెట్టుకున్నాను. ప్రశ్న అడిగిన ప్రతిసారీ నోటుబుక్కు వెనక ఒక గీత. గీతలు మగపిల్లల వైపే ఎక్కువ తేలాయి. అంతకంటే సిగ్గనిపించింది ఇంకొకటి. ఆడపిల్లల్ని ‘చదువమ్మా’ అన్నాను, మగపిల్లల్ని ‘ఎందుకో చెప్పరా’ అన్నాను. ఆడపిల్ల దస్తూరీని మెచ్చుకున్నాను, మగపిల్లాడి తెలివిని మెచ్చుకున్నాను. నేనూ ఆడదాన్నే, అదీ గూడెం నుంచి వచ్చినదాన్నే.

కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే ప్రయోగం రోజు, హాస్టల్లో ఉండి చదువుకునే మా కొండ పిల్లను కటకం పట్టుకోమన్నాను. ‘అది వాళ్లు చేస్తారు టీచర్, మేం రాస్తాం’ అంది. రికార్డుకు పూర్తి మార్కులు వచ్చే పిల్ల ఆమె. పరీక్షకు రాస్తే చాలు గనుక పాసవుతుంది, శాతం పెరుగుతుంది. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటావంటే మాత్రం లెక్కలు, ఫిజిక్సు ఆమె నోట రావు. కటకం చేత పట్టుకోని పిల్లకు అది తన చదువని ఎలా అనిపిస్తుంది?

అలాగని మగపిల్లలకు బడి మేలు చేస్తోందనీ అనను. బెంచీలు మోయడానికీ, కొట్టు నుంచి టీ తేవడానికీ పాఠం మధ్యలోంచి లేపేది వాళ్లనే. (ఊడ్చేదీ, ముగ్గేసేదీ ఆడపిల్లలు. అది బెల్లు కొట్టకముందే అయిపోతుంది.) దెబ్బలూ వాళ్లకే. గిరిజన కుర్రాడైతే ‘వీడెలాగూ కూలికే’ అని అతని ఎదుటే అనేస్తారు. అమెరికాలో రోసెంతాల్, జాకబ్సన్ 1968లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏ ఎంపికా లేకుండా ఏరిన కొందరు పిల్లల్ని చూపి, వీళ్లు బాగా ఎదుగుతారని టీచర్లకు చెప్పారు. చిన్న తరగతుల్లో ఆ పిల్లలే ముందుకెళ్లారట. దాని మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. కానీ ‘కూలికే’ అన్న మాట విన్న కుర్రాడు నెలలోపే బడి మానడం నేను చూశాను.

అతను ఆ శాతాల్లో ఉండడు. పాసైన శాతం పరీక్ష రాసినవాళ్లలోంచే తీస్తారు కదా. మధ్యలో ఆగినవాళ్లూ, అసలు బడి ముఖం చూడనివాళ్లూ వేరే లెక్కలో తేలతారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద గిరిజన పురుషుల అక్షరాస్యత 68.5 శాతం, స్త్రీలది 49.4. పైచేయి అని రాసేటప్పుడు ఈ అంకె ఎవరికీ గుర్తు రాదు.

నీళ్లున్న మరుగుదొడ్డి సంగతీ ఇలాంటిదే. 2019లో మొదలైన నాడు–నేడు పనుల్లో దాన్ని చేర్చారు, మంచిదే. దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, నెలసరి వచ్చిన పిల్ల దాన్ని ఎవరిని అడగాలో కూడా చూడండి.

ఇప్పుడు ప్రయోగాల్లో వంతులు వేశాను. ఒక వారం ఆడపిల్లలు పరికరాలు పట్టుకుంటారు, మగపిల్లలు రాస్తారు. రికార్డులు పాడైపోతున్నాయి, తనిఖీకి వస్తే ఏం చూపిస్తావని తోటి మాస్టారు అడిగారు. నిజమే, ఈ ఏడాది కొట్టివేతలు ఎక్కువే ఉన్నాయి.