పదిహేను మేకల పనితనం

కోరుట్లలో మా మేనల్లుడు నెలల తరబడి ఎదురుచూసి ఒక గేమ్ కొన్నాడు. మూడు రాత్రులు ఆడి, నాలుగోనాడు ల్యాప్‌టాప్ మూసేశాడు. ట్యాక్టికల్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు ఆ తరహాను. గళ్లు గీసిన యుద్ధభూమి, మన దండులో పదిమంది యోధులు, ఒక్కొక్కరికి ఒక కథ, ఒక ఆయుధం. మన వంతులో మనవాళ్లను కదిపి ఎదుటివాళ్ల ఎత్తు కోసం ఆగాలి. 1990లో జపాన్‌లో వచ్చిన ఫైర్ ఎంబ్లమ్ దీనికి బాట వేసిన ఆటల్లో ఒకటి. అందులో చచ్చిన యోధుడు మామూలుగా మళ్లీ రాడు. ఆ ఒక్క నియమంతోనే ప్రతి అడుగుకూ బరువొచ్చింది. మావాడు కొన్నదాంట్లో ఆ బరువే లేదు. విలుకాడు, కత్తివాడు, మంత్రగాడు, అందరికీ వేషాలు వేరు, నడక ఒక్కటే. ఎవరిని ఎక్కడ నిలబెట్టినా చివరికి ఎవరి అంకె పెద్దదైతే వాళ్లదే గెలుపు.

"ఎవలతోని ఆడినా ఒక్కతీరే ఉన్నది మామా" అన్నాడు. అంత సరిగ్గా ఏ విమర్శకుడూ చెప్పలేడనిపించింది.

ఆ ఆదివారం వాణ్ని వెంటబెట్టుకుని సిరిసిల్లలో మా పెద్దబాపు ఇంటికి పోయాను. కరెంటు పోయి సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగిపోయి ఉన్నాయి. పెద్దబాపు సుద్దముక్క తీసుకుని గచ్చు మీద గీత మొదలుపెట్టాడు. ఒక కొస నుంచి కిందికి నాలుగు గీతలు దిగాయి, అడుగున ఒక అడ్డగీతతో అది త్రికోణమైంది. దాని మీదుగా మూడు అడ్డగీతలు, రెండు పక్కలా బయటికి చాచి. వాటి కొసలను కలుపుతూ అటొకటి, ఇటొకటి నిలువుగీత. నిమిషం పట్టలేదు. పులి-మేక ఆట సిద్ధం. పులులకు సాంచా నట్లు మూడు, మేకలకు చింతగింజలు పదిహేను.

ఆ గీతను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గానీ, లెక్కపెట్టింది మాత్రం ఆ రోజే. గీతలు కలిసే చోట్లు 23. అందులో 13 చోట్ల నుంచి నాలుగేసి దారులున్నాయి, నాలుగింటి నుంచి మూడేసి, ఆరు మూలల నుంచి రెండేసి. పులి ఒక అడుగు జరుగుతుంది, లేదా పక్కనున్న మేక మీదుగా అదే గీతలో అవతలి ఖాళీలోకి దూకి దాన్ని చంపుతుంది. అవతల ఖాళీ లేకపోతే దూకలేదు. కాబట్టి గీత ముగిసే మూలలో కూర్చున్న మేకను పులి ముట్టలేదు. అదే మూలలో పులి కూర్చుంటే? దారులు రెండే గనుక దారికి రెండేసి చొప్పున నాలుగు మేకలతో దాన్ని బంధించొచ్చు. నడుమనున్న పులిని ఒంటరిగా బంధించాలంటే మాత్రం ఎనిమిది కావాలి. ఒకే చోటు మేకకు ఇల్లు, పులికి బోను. పక్కన ఏ అంకే రాయకుండా నేలకు ఇంత అర్థం తెచ్చిన ఆట ఇంకొకటి నాకు తెలియదు.

అసలు పనితనం ఇంకో నియమంలో ఉంది. మేకలు ఒక్కొక్కటే దిగుతాయి. పదిహేనూ దిగేదాకా దిగిన మేక కదలకూడదు. పులులు మాత్రం మొదటి ఎత్తు నుంచే తిరుగుతాయి. పెట్టిన మేకను వెనక్కి తీసుకోలేం, పక్కకు జరపలేం. దాని ప్రాణం తర్వాత పెట్టబోయే మేక చేతిలో ఉంటుంది. రోల్ అంటే పాత్రే కదా. ఇక్కడ మేక పాత్రకు భయం, ఓపిక, పక్కవాడి మీద ఆధారం, అన్నీ ఆ నియమం నుంచే వచ్చాయి. కథ చెప్పలేదు, బొమ్మ గీయలేదు. చింతగింజ పట్టుకున్న వేలికే ఆ భయం తెలుస్తుంది.

జగిత్యాల కోట బురుజు మీద నిలబడ్డప్పుడు కూడా నాకు ఇదే గుర్తొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టిన నక్షత్రాకారపు కోట అది, చుట్టూ కందకం. ఆ ఆకారంలో ముందుకు పొడుచుకొచ్చిన ప్రతి కొసా పక్క గోడను కాస్తుంది. మేకలది కూడా ఆ కాపలాయే.

మేకలు మొదట మూలలు నింపాలి. తర్వాత వాటి మధ్య అంచులు. పులులు పైనే ఉండిపోతే అంచుల మీదున్న పది చోట్లలో పది మేకలు ఏ ప్రాణభయమూ లేకుండా కూర్చుంటాయి. మిగిలిన ఐదూ వాటికి ఆనుకుని లోపలికొస్తాయి. అందుకే పులికి కాలమే శత్రువు. తొందరగా కిందికి దిగి అంచును చెడగొట్టాలి, దిగితే ఇరుక్కునే ప్రమాదం. ఒక్క మేకా చావకుండా పదిహేనూ దిగితే గచ్చు మీద 18 కాయలు, ఖాళీలు ఐదే. మూడు పులులూ ఊపిరి తీసుకోవాల్సింది ఆ ఐదింటిలోనే.

నేపాల్‌లో బాఘ్‌చాల్ అని దీని చుట్టం ఉంది, 25 చోట్లు, నాలుగు పులులు, ఇరవై మేకలు. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే అది ఎవరూ గెలవకుండా ముగుస్తుందని కంప్యూటర్లతో లెక్కగట్టి తేల్చారు. అంత అసమానమైన రెండు పక్షాలు అంత సమానంగా తూగడం ఆశ్చర్యమే. అయినా నాకు మన గీతే ఎక్కువ ఇష్టం. చదరంలో నాలుగు పక్కలూ ఒకటే. త్రికోణంలో పైచోటు వేరు, కింద వేరు, పక్కల చాచిన చేతులు వేరు.

మావాడు పులులు అడిగి తీసుకున్నాడు. ఎడమ పక్క ఒక మేక ఒంటరిగా కనబడితే చంపాడు, ఇంకొకటి దొరుకుతుందని రెండో పులిని అటే తెచ్చాడు, తర్వాత మూడోదాన్నీ. మూడూ ఎడమ నిలువుగీత మీద ఒకదాని కింద ఒకటి నిలిచాయి. పులి మీదుగా పులి దూకలేదు. నడుమనున్న ఒంటరి పులికే ఎనిమిది మేకలు కావాలి గానీ, అలా ఒక్క వరసలో నిలిచిన మూడింటికి ఆరే చాలు. మూడు గీతల మీద రెండేసి చొప్పున పెద్దబాపు జరుపుకుంటూ వచ్చాడు. ఆఖరి గింజ జరిపి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, ఏమీ అనలేదు.

వాడు చాలాసేపు గచ్చు వైపే చూశాడు. ఒక్కో నట్టు మీద వేలు పెట్టి దారి వెతికాడు. ఇంతలో కరెంటొచ్చి సాంచాలు మోత ఎత్తుకున్నాయి. పెద్దబాపు లేవబోతుంటే వాడు చెయ్యి పట్టి ఆపి, ఆ మోతలో వినబడేలా గట్టిగా అడిగాడు.

"ఒక్కటే ఆట తాతా. ఈసారి మేకలు నాకియ్యి."